‘పంపాం’ అంటే ‘అందింది’ అని కాదు: షిఫ్ట్ యాప్ నోటిఫికేషన్ మీ ఫోన్‌లో ఎందుకు మోగదు?

ఫుడ్ డెలివరీ యాప్ నుంచి ఆఫర్ నోటిఫికేషన్ రాకపోతే మనకు పోయేదేం లేదు, పైగా హాయి. షిఫ్ట్ షెడ్యూలింగ్ యాప్ సంగతి అలా కాదు. "రేపటి మీ షిఫ్ట్ మారింది" అనే ఒక్క లైను మోగకపోతే ఒక రోజు జీతం పోవచ్చు, క్యాబ్ మిస్ కావచ్చు, రికార్డులో ‘నో షో’ అని పడొచ్చు. అదే టైమ్‌లో సర్వర్ లాగ్‌లో ఆ మెసేజ్ పక్కన పచ్చ టిక్కు కూడా ఉండొచ్చు. ఈ రెండింటి మధ్య ఏం జరుగుతుందో ఈ ఆర్టికల్‌లో చూద్దాం.

నేను ఇలాంటి ఒక యాప్‌కి ఆండ్రాయిడ్ వైపు కోడ్ రాస్తాను. ఉండేది ప్రగతి నగర్‌లో. ఇక్కడ, పక్కనే నిజాంపేట, బాచుపల్లిలో ఉండేవాళ్లలో చాలామంది జేఎన్‌టీయూ, కేపీహెచ్‌బీ మీదుగా హైటెక్ సిటీ వైపు వెళ్లి వచ్చేవాళ్లే. సాఫ్ట్‌వేర్ వాళ్లే అనుకోకండి. అమెరికా ప్రాసెస్‌లో నైట్ షిఫ్ట్ చేసేవాళ్లు, కార్పొరేట్ ఆసుపత్రి నర్సులు, మాల్ స్టాఫ్, హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ, క్యాబ్ డ్రైవర్లు, స్లాట్ బుక్ చేసుకుని బండి తీసే డెలివరీ కుర్రాళ్లు, అందరూ ఉన్నారు. ఎవరి యాప్ వాళ్లది. కానీ అందరి యాప్‌లూ ఆధారపడేది ఒకే గంట మీద. ఆ గంటే పుష్ నోటిఫికేషన్.

ఈ తరహా సాఫ్ట్‌వేర్‌లో కొంత మన సిటీలోనే తయారవుతోంది కూడా. 2015లో హైదరాబాద్‌లో మొదలైన డార్విన్‌బాక్స్ 2022 జనవరిలో యూనికార్న్ అయింది. కేకా కూడా ఇక్కడిదే. అంటే రోస్టర్ కోసం ఎదురుచూసే ఫోనూ, రోస్టర్ సాఫ్ట్‌వేర్ రాసే ల్యాప్‌టాపూ ఒకే అపార్ట్‌మెంట్‌లో పక్క పక్క ఫ్లాట్లలో ఉండే ఊరు మనది.

మా గేటు దగ్గర ఉండే సెక్యూరిటీ అన్న ఒక ఏజెన్సీ తరఫున పనిచేస్తాడు. నెలలో కొన్ని రోజులు మా గేటు, కొన్ని రోజులు మాదాపూర్‌లో ఒక ఆఫీస్ టవర్. ఎక్కడ, ఎప్పుడు అన్నది ఏజెన్సీ యాప్‌లో వస్తుంది. ఈమధ్య ఒకరోజు పొద్దున్నే ఆటో పట్టుకుని మాదాపూర్ వెళితే లిస్టులో ఆయన పేరు లేదు. డ్యూటీ గచ్చిబౌలికి మారిందట, ముందురోజు సాయంత్రమే యాప్‌లో పంపారట. గచ్చిబౌలి చేరేసరికి ఆ ప్లేస్‌లో ఇంకొకరిని పెట్టేశారు. ఆ రోజుకి ఆబ్సెంట్.

"చూస్కోలేదంటున్నరు తమ్మీ. ఫోన్ మోగితే కదా నేను చూసేది" అన్నాడు.

ఫోన్ తీసుకుని చూశాను. నోటిఫికేషన్లు ఆన్‌లోనే ఉన్నాయి. సౌండ్ ఉంది, నెట్ ఉంది. బ్యాటరీ సెట్టింగ్స్‌లోకి వెళితే విషయం దొరికింది. చాలా రోజులుగా తెరవని యాప్ కాబట్టి ఫోనే దాన్ని నిద్రపుచ్చింది. ఇందులో ఆయన చేసింది ఏమీ లేదు. ఏజెన్సీ పంపిన మాట కూడా నిజమే అయ్యుంటుంది. అందిందా లేదా అని మాత్రం ఎవరూ చూడలేదు, ఆ ఖర్చు మాత్రం ఆయన జీతంలోంచి పోయింది.

పోస్టాఫీసు రసీదు

సర్వర్ నుంచి మీ ఫోన్‌కి మెసేజ్ నేరుగా రాదు. ఆండ్రాయిడ్‌లో మధ్యలో గూగుల్ వాళ్ల ఫైర్‌బేస్ క్లౌడ్ మెసేజింగ్ ఉంటుంది. 2010లో సీ2డీఎంగా మొదలై, 2012లో జీసీఎంగా మారి, 2016 నుంచి ఎఫ్‌సీఎం పేరుతో నడుస్తున్న సర్వీస్ ఇది. ఐఫోన్‌లో ఆ పని 2009 నుంచీ యాపిల్ పుష్ నోటిఫికేషన్ సర్వీస్ చేస్తోంది. ప్రతి యాప్ తన సర్వర్‌తో విడిగా కనెక్షన్ పెట్టుకుంటే బ్యాటరీ మధ్యాహ్నానికే ఖాళీ. అందుకే ఫోన్ మొత్తానికి ఒకే కనెక్షన్, అన్ని యాప్‌ల మెసేజ్‌లూ అందులోంచే.

మా సర్వర్ ఒక మెసేజ్‌ని ఎఫ్‌సీఎంకి ఇస్తే వెంటనే ఒక మెసేజ్ ఐడీ తిరిగొస్తుంది. చాలా డాష్‌బోర్డుల్లో కనిపించే పచ్చ టిక్కు ఇదే. దీని అర్థం ‘గూగుల్ ఈ మెసేజ్ తీసుకుంది’ అని మాత్రమే. రిజిస్టర్ పోస్ట్ ఉన్న రోజుల్లో కౌంటర్‌లో రసీదు ఇచ్చేవాళ్లు చూడండి, అది. ఉత్తరం అందుకున్నవాళ్లు సంతకం పెట్టి పంపే అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు వేరే ఉండేది. యాప్‌లో ఆ కార్డుని మనమే కట్టుకోవాలి. ఫోన్‌లో మెసేజ్ అందగానే యాప్ సర్వర్‌కి ‘వచ్చింది’ అని చెప్పాలి, యూజర్ తెరిస్తే ‘చూశారు’ అని చెప్పాలి, ‘ఓకే’ నొక్కితే ‘ఒప్పుకున్నారు’ అని చెప్పాలి. ఇవన్నీ వేర్వేరు విషయాలు. డేటాబేస్‌లో వీటన్నిటికీ కలిపి ‘సెంట్’ అని ఒకే కాలమ్ ఉంటే, పైన చెప్పిన లాంటి గొడవలో గెలిచేది ఎప్పుడూ సర్వరే.

ఇంకో చిన్న విషయం. ఫోన్ స్విచాఫ్‌లో ఉంటే ఎఫ్‌సీఎం ఆ మెసేజ్‌ని దాచి ఉంచుతుంది. మనం ఏమీ చెప్పకపోతే 28 రోజుల దాకా. సంక్రాంతికి ఊరెళ్లి ఫోన్ పక్కన పడేసి వచ్చినవాళ్లు ఆన్ చేయగానే పది షిఫ్ట్ మార్పులు వరుసపెట్టి మోగుతాయి. అందులో తొమ్మిది అయిపోయిన షిఫ్ట్‌లవి. దీనికి మందు రెండు లైన్ల కోడే. ప్రతి మెసేజ్‌కి కాలపరిమితి పెట్టాలి. షిఫ్ట్ మొదలయ్యే టైమ్ దాటితే ఆ మెసేజ్ చచ్చిపోవాలి. రెండోది కొలాప్స్ కీ. ఒకే షిఫ్ట్ మూడుసార్లు మారితే, ఆఖరి మార్పు ముందు రెండింటినీ తుడిచేస్తుంది. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఒక ఫోన్‌కి ఒకేసారి 4 కొలాప్స్ కీలకే చోటు, అంతకు మించితే ఏ నాలుగు మిగులుతాయో గ్యారంటీ లేదు. ప్రతి షిఫ్ట్‌కీ ఒక కీ పెడితే వారం రోస్టర్‌తోనే దాటిపోతాం. అందుకే ‘రోస్టర్ మారింది, వచ్చి తాజాది తీసుకో’ అనే ఒకే కీ పెట్టి, అసలు వివరాలు యాప్ సర్వర్‌ని అడిగి తెచ్చుకోవడం మంచిది. నోటిఫికేషన్ తలుపు తట్టడానికే. రోస్టర్‌ని దాంట్లోనే మోయించకూడదు.

మోయించినా పట్టదు కూడా. ఎఫ్‌సీఎం మెసేజ్ సైజు గరిష్ఠంగా 4096 బైట్లు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు, యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం మాత్రం ఒక్కో కోడ్ పాయింట్‌కి 3 బైట్లు తింటుంది. గుణింతాలు, ఒత్తులు విడిగా లెక్క. తెలుగులో పూర్తి వారం రోస్టర్ పంపుదామనుకునేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

నిద్రపోయే ఫోన్లు

గ్యాడ్జెట్ సైట్ చదివే మనకు బాగా దగ్గరి భాగం ఇది. 5000 ఎంఏహెచ్ అనీ, రెండు రోజుల బ్యాకప్ అనీ రివ్యూల్లో మార్కులు వేస్తాం కదా, ఆ బ్యాకప్‌లో కొంత ఎక్కణ్నుంచి వస్తుందో ఇక్కడ తెలుస్తుంది.

2015లో ఆండ్రాయిడ్ 6తో డోజ్ వచ్చింది. ఛార్జింగ్‌లో లేకుండా, కదలకుండా, స్క్రీన్ ఆఫ్‌లో ఫోన్ కాసేపు ఉంటే నెట్‌వర్క్ ఆపేసి, అప్పుడప్పుడూ మాత్రం కిటికీ తెరుస్తుంది. నార్మల్ ప్రయారిటీ మెసేజ్ ఆ కిటికీ తెరిచేదాకా ఆగాలి. హై ప్రయారిటీ అయితే డోజ్‌లో ఉన్నా లేపుతుంది. "మరి అన్నీ హై ప్రయారిటీలో పంపేస్తే పోలా?" అని జూనియర్లు అడుగుతుంటారు. పోదు. హై ప్రయారిటీలో పంపి యూజర్‌కి ఏమీ చూపించని యాప్‌లని ఎఫ్‌సీఎం గమనించి, వాటి మెసేజ్‌లని నార్మల్‌కి దించేస్తుంది. వెనకాల డేటా సింక్ కోసం హై ప్రయారిటీ వాడుకునే యాప్, నిజంగా అర్జెంటు వచ్చినరోజు క్యూలో నిలబడుతుంది.

2018లో ఆండ్రాయిడ్ 9 ఇంకో మెలిక పెట్టింది. మీరు ఏ యాప్ ఎంత తరచుగా తెరుస్తారో చూసి ఫోన్ వాటిని బకెట్లుగా విడదీస్తుంది. రోజూ తెరిచేవి ఒక బకెట్, అప్పుడప్పుడు తెరిచేవి ఒకటి, అరుదుగా తెరిచేవి ఒకటి. ఆండ్రాయిడ్ 9 నుంచి 12 దాకా ‘ఫ్రీక్వెంట్’ బకెట్‌లో ఉన్న యాప్‌కి రోజుకి 10, ‘రేర్’ బకెట్‌లో ఉన్నదానికి 5 హై ప్రయారిటీ మెసేజ్‌లే. ఆండ్రాయిడ్ 13 నుంచి ఈ కోటాకి బకెట్‌తో సంబంధం తీసేశారు. కానీ సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ వాళ్ల చేతుల్లో నేను చూసే ఫోన్లలో పాత వెర్షన్లు ఇంకా చాలా ఉన్నాయి. ఇప్పుడు ఆలోచించండి. షిఫ్ట్ యాప్‌ని ఎవరైనా రీల్స్ చూసినట్టు చూస్తారా? వారానికోసారి తెరిచి, రోస్టర్ చూసి, స్క్రీన్‌షాట్ తీసుకుని మూసేస్తారు. వాడేవాళ్లకి అదే సరైన వాడకం. ఫోన్‌కి మాత్రం అది ‘పెద్దగా అక్కర్లేని యాప్’.

ఆండ్రాయిడ్ 12లో హైబర్నేషన్ వచ్చింది. కొన్ని నెలలపాటు తెరవని యాప్ పర్మిషన్లు తీసేసి, దాన్ని పూర్తిగా పడుకోబెడుతుంది. ఆ స్థితిలో హై ప్రయారిటీ పుష్ కూడా అందదు. మెటర్నిటీ లీవ్‌లో ఉన్న ఒక నర్సుని ఊహించుకోండి. మన చట్టం ప్రకారం 26 వారాలు. తిరిగి డ్యూటీలో చేరే ముందు వారం రోస్టర్ యాప్ నుంచి కబురు వస్తుందని ఆవిడ చూస్తుంటుంది. ఆ యాప్ ఈపాటికి హైబర్నేషన్‌లో ఉండొచ్చు.

ఇవి గూగుల్ రూల్స్. వీటి మీద కంపెనీలు ఎవరి తాళం వాళ్లు వేస్తాయి. శాంసంగ్‌లో ‘స్లీపింగ్ యాప్స్’, ‘డీప్ స్లీపింగ్ యాప్స్’ అని లిస్టులుంటాయి. షావోమీ, రెడ్‌మీ, పోకోల్లో ‘ఆటోస్టార్ట్’ అని విడిగా స్విచ్ ఉంటుంది. ఒప్పో, రియల్‌మీ, వివోల్లోనూ ఇలాంటి స్విచ్‌లే, పేర్లు వేరు. ఏ కంపెనీ ఫోన్ బ్యాక్‌గ్రౌండ్ యాప్‌లని ఎంత గట్టిగా నొక్కుతుందో ర్యాంకులు వేసి, దేనికి ఏ సెట్టింగ్ మార్చాలో చెప్పే ‘డోంట్ కిల్ మై యాప్’ అనే సైట్ ఒకటి డెవలపర్లు నడుపుతున్నారు. మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకి మొదట చూపించేది అదే.

ఇంకా ఒకటుంది, ఫోర్స్ స్టాప్. ఆండ్రాయిడ్‌లో ఒక యాప్‌ని ఫోర్స్ స్టాప్ చేస్తే, మీరు మళ్లీ తెరిచేదాకా దానికి ఎఫ్‌సీఎం మెసేజ్ ఇవ్వదు. మామూలుగా రీసెంట్స్‌లోంచి తోసేస్తే అది ఫోర్స్ స్టాప్ కాదు. కొన్ని కంపెనీల సాఫ్ట్‌వేర్లలో మాత్రం దాదాపు అంత పనీ అవుతుంది. ‘ఫోన్ స్పీడ్‌గా ఉంటుంది’ అని అన్ని యాప్‌లనీ రోజుకి పదిసార్లు తుడిచేసే అలవాటు మనవాళ్లకి ఎంత ఉందో మీకు చెప్పక్కర్లేదు.

వీటన్నిటికీ తోడు ఆఫీస్ వైఫై. ఎఫ్‌సీఎం మామూలుగా 5228 పోర్టు వాడుతుంది, యాపిల్ 5223. కార్పొరేట్ ఫైర్‌వాల్ వీటిని మూసేస్తే వాట్సాప్ నడుస్తుంటుంది, పుష్ మాత్రం ఆలస్యం అవుతుంది. కొన్ని ప్రాసెస్‌లలో ఫోన్‌ని ఫ్లోర్ మీదకే రానివ్వరు, లాకర్‌లో పెట్టాలి. షిఫ్ట్ మధ్యలో పంపిన నోటిఫికేషన్ ఆ లాకర్ తలుపుకే వినిపిస్తుంది.

బర్త్‌డే విషెస్ చేసే నష్టం

ఫోన్ తప్పులు అయిపోయాయి, ఇప్పుడు మనుషులవి. ఆండ్రాయిడ్ 8 నుంచి, అంటే 2017 నుంచి, ప్రతి నోటిఫికేషన్ ఏదో ఒక ఛానెల్‌లో రావాలి. ఒక్కో ఛానెల్‌కి సౌండ్, ప్రాధాన్యం వేరు. యూజర్ కావాలంటే ఒక ఛానెల్‌ని మాత్రమే మూసేయొచ్చు. నా లెక్కలో ఆండ్రాయిడ్ ఇప్పటిదాకా నోటిఫికేషన్లలో చేసిన మంచి పని ఇదే. దాన్ని సరిగ్గా వాడే వర్క్ యాప్‌లు తక్కువ.

ఎలా ఉంటుందంటే, యాప్‌లో ‘జనరల్’ అని ఒకే ఛానెల్ ఉంటుంది. అందులోనే షిఫ్ట్ మార్పు, అందులోనే లీవ్ అప్రూవల్, అందులోనే ‘ఈరోజు మీ సహోద్యోగి పుట్టినరోజు, విష్ చేయండి’, అందులోనే ‘మా సర్వేలో పాల్గొనండి’. నైట్ షిఫ్ట్ చేసి పొద్దున ఎనిమిదింటికి పడుకున్న మనిషికి పదకొండింటికి పుట్టినరోజు గంట మోగితే ఏం చేస్తాడు? నోటిఫికేషన్ మీద నొక్కి పట్టి ఆఫ్ చేస్తాడు. ఆ ఒక్క నొక్కుతో షిఫ్ట్ మార్పులూ పోయాయి. ఆఫ్ చేసినట్టు వారం తర్వాత ఆయనకి గుర్తు కూడా ఉండదు.

ఆ తర్వాత డెవలపర్ చేయగలిగింది కూడా తక్కువే. ఒకసారి తయారైన ఛానెల్ ప్రాధాన్యాన్ని యాప్ తిరిగి పెంచలేదు, అది యూజర్ చేతిలో ఉంటుంది. ఛానెల్ డిలీట్ చేసి అదే ఐడీతో మళ్లీ తయారుచేసినా పాత సెట్టింగే తిరిగొస్తుంది. కొత్త ఐడీతో దొడ్డిదారిన రావచ్చు గానీ, యూజర్ వద్దన్నదాన్ని మళ్లీ మోగించడమంటే ఈసారి యాప్‌నే తీసేయించుకోవడం. ఆండ్రాయిడ్ 13 నుంచి అసలు నోటిఫికేషన్ పంపడానికే అనుమతి అడగాలి, యూజర్ రెండుసార్లు కాదంటే సిస్టమ్ మూడోసారి అడగనివ్వదు. అందుకే యాప్ తెరిచిన మొదటి సెకనులో ఆ బాక్స్ చూపించడం నాకు నచ్చదు. మొదటి రోస్టర్ కనిపించాక, ‘ఇది మారితే మీకు చెప్పాలా?’ అని అడిగితే ఎందుకు అడుగుతున్నామో వాళ్లకి అర్థమవుతుంది.

నా లెక్కలో మూడు ఛానెళ్లు సరిపోతాయి. 24 గంటల లోపు షిఫ్ట్ మార్పులు, క్యాబ్ కదలికలు ఒకటి. ఇది గట్టిగా మోగాలి. వచ్చేవారం రోస్టర్, లీవ్ అప్రూవల్ రెండోది. మెల్లగా వచ్చి కూర్చుంటే చాలు. మిగతా అంతా మూడోది, సౌండే ఉండకూడదు. పుట్టినరోజులు యాప్ లోపల ఒక మూల ఉండనివ్వండి. హెచ్‌ఆర్ టీమ్‌తో ఈ గొడవ పడని యాప్ డెవలపర్ నాకు ఇంతవరకు కనపడలేదు. ‘ఎంగేజ్‌మెంట్ తగ్గుతుంది’ అంటారు. తగ్గనివ్వండి, ఇది ఇన్‌స్టాగ్రామ్ కాదు కదా.

ఐఫోన్‌లో 2021లో ఐఓఎస్ 15తో వచ్చిన ‘టైమ్ సెన్సిటివ్’ స్థాయి దీనికి సరిగ్గా సరిపోతుంది. యూజర్ వద్దనకపోతే ఫోకస్ మోడ్‌ని కూడా దాటి వస్తుంది. దాని పైన ‘క్రిటికల్’ అని ఇంకొకటుంది గానీ, దానికి యాపిల్ ప్రత్యేక అనుమతి కావాలి. రోస్టర్ మారిందన్న వార్తకి అది అడగడం అతి.

తెల్లవారితే సోమవారం

నోటిఫికేషన్ మోగింది, చూశారు కూడా. అయినా తప్పు రోజు వెళ్తారు. ఎందుకంటే అందులో "సోమవారం 12:30 ఏఎం" అని ఉంది. మన మాటలో అది ఆదివారం రాత్రి. కంప్యూటర్‌కి సోమవారం. సోమవారం రాత్రి తీరిగ్గా రెడీ అయ్యేసరికి షిఫ్ట్ అయిపోయి ఒక రోజు దాటింది. మన పెళ్లి శుభలేఖలు ఈ సమస్యని ఎప్పుడో తీర్చేశాయి: ‘ఆదివారం రాత్రి 12:30కి, తెల్లవారితే సోమవారం’. అర్ధరాత్రి ముహూర్తానికి చుట్టాలు తప్పు రోజు రాకుండా వేసిన ఆ లైను, నైట్ షిఫ్ట్ నోటిఫికేషన్‌కి అచ్చంగా సరిపోతుంది. తెలుగు స్ట్రింగ్స్ ఫైల్‌లో అలాగే పెట్టుకోవచ్చు.

అమెరికా టైమ్ మీద పనిచేసేవాళ్లకి ఇంకో చిక్కు. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకు, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి జరుపుతారు. న్యూయార్క్‌లో పొద్దున 9 అంటే చలికాలంలో మనకి సాయంత్రం 7:30, ఎండాకాలంలో 6:30. 2026లో అమెరికా మార్చి 8న మారితే, బ్రిటన్ మార్చి 29న మారుతుంది. రెండు దేశాల క్లయింట్లకీ కలిపి పనిచేసే టీమ్‌కి ఆ మూడు వారాలూ లెక్క వేరే. షిఫ్ట్‌ని భారత టైమ్‌లో సేవ్ చేసే యాప్ ఆ రోజు అందర్నీ గంట ఆలస్యంగా పంపుతుంది. క్లయింట్ ఊరి టైమ్ జోన్‌తో సహా సేవ్ చేస్తే ఈ తలనొప్పి ఉండదు. ఒక్క విషయం, ఆ మార్పుని నెల మొత్తం రోస్టర్‌కి ముప్పై నోటిఫికేషన్లుగా పంపకూడదు. వారం ముందు ఒకటి, ముందురోజు ఒకటి, చాలు.

ఒప్పుకున్నారా?

నా దృష్టిలో ఈ యాప్‌లలో మార్చాల్సిన అసలు విషయం ఇది. షిఫ్ట్ మార్పు పంపగానే యాప్ ఆ మార్పుని అమల్లోకి తెచ్చేస్తుంది. కానీ అవతలి మనిషి ‘ఓకే’ అనేదాకా అది ప్రతిపాదన మాత్రమే కావాలి. సూపర్‌వైజర్ స్క్రీన్ మీద ఆ పేరు పసుపు రంగులో ఉండాలి. షిఫ్ట్‌కి ఆరు గంటల ముందు కూడా పసుపే ఉంటే ఎస్‌ఎంఎస్ పోవాలి. దానికీ జవాబు లేకపోతే సూపర్‌వైజర్‌కే ‘ఫోన్ చేయండి’ అని నోటిఫికేషన్ రావాలి. అప్పుడు వెతుక్కునే పని మార్పు చేసినవాళ్ల మీద పడుతుంది.

ఎస్‌ఎంఎస్ కూడా ఊరికే రాదు. ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం టెంప్లేట్ ముందే రిజిస్టర్ చేయాలి. తెలుగులో పంపితే ఒక ఎస్‌ఎంఎస్‌కి 160 కాదు, 70 అక్షరాలే. ఫైనాన్స్ వాళ్లు అడ్డం పడేది ఇక్కడే. అందుకే చాలాచోట్ల చివరికి సూపర్‌వైజర్ ఎక్సెల్ షీట్‌ని ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పడేస్తాడు. నవ్వుకోకండి, అందులో రెండు నీలం టిక్కులున్నాయి. మన యాప్‌లో లేనిది అదే.

కొన్ని దేశాల్లో ఇది చట్టం దాకా వెళ్లింది. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో 2018లో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, 500 మంది లేదా అంతకు మించి ఉన్న రిటైల్, హోటల్, ఫుడ్ కంపెనీలు షెడ్యూల్ ముందే ఇవ్వాలి. మొదట 7 రోజులు, 2020 జులై నుంచి 14 రోజులు. ఆ తర్వాత మారిస్తే అదనంగా డబ్బు కట్టాలి. ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు 26 నుంచి, డ్యూటీలో లేనప్పుడు వచ్చే ఆఫీస్ మెసేజ్‌కి, అలా నిరాకరించడం అసమంజసమైతే తప్ప, జవాబివ్వకుండా ఉండే హక్కు వచ్చింది. మన లోక్‌సభలో సుప్రియా సూలే 2018లో ఇలాంటి ప్రైవేట్ మెంబర్ బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. అక్కడ షెడ్యూల్ ఎప్పుడు ఇచ్చారన్నది చట్టం లెక్కపెట్టే విషయం. ఇక్కడ మోగితే మోగినట్టు.

రాత్రి పూట మోగించకూడదన్న రూల్‌ని కూడా సరిగ్గా పెట్టాలి. ‘రాత్రి 10 నుంచి పొద్దున 7 దాకా సైలెంట్’ అని యాప్‌లో ఉంటుంది. నైట్ షిఫ్ట్ మనిషికి రాత్రి అంటే పొద్దున 8 నుంచి మధ్యాహ్నం 3. ఎవరు ఎప్పుడు పడుకుంటారో రోస్టర్‌లోనే ఉంది కదా, లాగౌట్ అయిన గంట నుంచి ఏడు గంటలు ఆపితే సరిపోతుంది.

మీ ఫోన్‌లో ఇప్పుడే చేయాల్సినవి

మీకు షిఫ్ట్ యాప్ లేకపోయినా ఇంట్లో ఎవరో ఒకరికి ఉంటుంది. వాళ్ల ఫోన్ తీసుకోండి. యాప్ ఐకాన్ నొక్కి పట్టి యాప్ ఇన్ఫోలోకి వెళ్లి, బ్యాటరీలో ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ పెట్టండి. అక్కడే ‘వాడకపోతే యాప్‌ని ఆపేయి’ అనే అర్థం వచ్చే స్విచ్ ఉంటుంది, దాన్ని ఆఫ్ చేయండి. శాంసంగ్ అయితే బ్యాటరీలోని బ్యాక్‌గ్రౌండ్ యూసేజ్ లిమిట్స్‌లో ‘నెవర్ స్లీపింగ్’ లిస్టులో యాప్‌ని చేర్చండి. షావోమీ తరహా ఫోన్లలో ఆటోస్టార్ట్ ఆన్ చేసి, బ్యాటరీ సేవర్‌లో ‘నో రిస్ట్రిక్షన్స్’ ఎంచుకోండి. వెర్షన్‌ని బట్టి పేర్లు కాస్త అటూ ఇటూ ఉంటాయి, సెట్టింగ్స్ సెర్చ్‌లో ‘బ్యాక్‌గ్రౌండ్’ అని కొడితే దొరుకుతాయి. ఐఫోన్‌లో నోటిఫికేషన్స్‌లోకి వెళ్లి టైమ్ సెన్సిటివ్ ఆన్‌లో ఉందా, యాప్ షెడ్యూల్డ్ సమ్మరీలో ఇరుక్కుందా చూడండి.

ఆండ్రాయిడ్ 11, ఆ పై వెర్షన్లలో ‘నోటిఫికేషన్ హిస్టరీ’ అని ఉంటుంది, చాలా ఫోన్లలో ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేసి పెట్టండి. గత 24 గంటల్లో ఫోన్ చూపించిన ప్రతి నోటిఫికేషన్ అక్కడ కనిపిస్తుంది, మీరు పొరపాటున తోసేసినవి కూడా. ‘పంపాం’ అని ఎవరైనా అన్నరోజు ముందు అది తెరిచి చూడండి. అందులో లేకపోతే స్క్రీన్‌షాట్ తీసి, అదే రోజు సూపర్‌వైజర్‌కి పంపండి. మర్నాటికి ఆ లిస్టు ఉండదు.

ఫోన్ మార్చినా, డేటా క్లియర్ చేసినా పుష్ టోకెన్ మారుతుంది. కొత్త ఫోన్‌లో యాప్ ఇన్‌స్టాల్ చేసి ఊరుకోకుండా లాగిన్ అయి ఒకసారి రోస్టర్ తెరవండి, అప్పుడే సర్వర్‌కి కొత్త చిరునామా తెలుస్తుంది. ఇంట్లో భార్యాభర్తలిద్దరూ ఒకే ఫోన్‌లో మార్చి మార్చి లాగిన్ అవుతుంటే ప్రతిసారీ లాగౌట్ చేయండి. టోకెన్ ఫోన్‌ది, మనిషిది కాదు. లాగౌట్ చేయకపోతే ఆయన షిఫ్ట్ మార్పు ఆవిడకీ, ఆవిడది ఆయనకీ మోగుతుంది.

ఇవన్నీ చేశాక పనిచేస్తోందో లేదో తెలుసుకోవాలంటే యాప్ తెరిచి టెస్ట్ చేయకండి, తెరిచిన యాప్‌కి ఎలాగూ మోగుతుంది. రెండు మూడు రోజులు దాన్ని ముట్టుకోకండి. ఒక రాత్రి ఛార్జర్ తీసేసి, ఫోన్‌ని బల్ల మీద కదలకుండా పెట్టి పడుకోండి. పొద్దున లేచి ఫోన్ ముట్టుకోకముందే సూపర్‌వైజర్‌ని గానీ, షిఫ్ట్ స్వాప్ రిక్వెస్ట్ పంపగలిగే ఫ్రెండ్‌ని గానీ ఒకటి పంపమని ముందురోజే చెప్పి ఉంచండి. నిమిషంలోపు మోగితే సరే. మీరు ఫోన్ చేతిలోకి తీసుకోగానే మోగిందంటే, ఆ ఫోన్ ఇంకా మీకు అబద్ధం చెబుతున్నట్టే. ఆ స్క్రీన్‌షాట్‌లతో మీ యాప్ సపోర్ట్‌కి రాయండి, ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్ రెండూ తప్పకుండా రాయండి. మా వైపు ఆ రెండు లేకుండా వచ్చిన టికెట్‌కి మొదటి రిప్లై ఎప్పుడూ ఆ రెండూ అడుగుతూనే పోతుంది.